వికలాంగుల సలహా మండలిలో మనకొక కుర్చీ



ప్రతి రాష్ట్రంలో వికలాంగుల కోసం ఒక సలహా మండలి ఉండాలని చట్టంలో ఉంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను.

1995 చట్టంలో వైకల్యాలు 7 రకాలే. 2016లో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో 21 రకాలు. వాటిలో సికిల్ సెల్ జబ్బు కూడా చేరింది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలాగ వంగిపోయి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ఒళ్లు నొప్పులు, నీరసం. మన ఆదివాసుల్లో ఇది ఎక్కువ. పైకి కాళ్లూ చేతులూ బాగానే కనిపిస్తాయి గదా, బద్ధకం అని తిడతారు.

మండలికి వికలాంగుల శాఖ మంత్రి అధ్యక్షులు. విద్య, వైద్యం, ఆర్థికం, పంచాయతీరాజ్, రోడ్డు రవాణా లాంటి శాఖల కార్యదర్శులు, ముగ్గురు చట్టసభల సభ్యులు, నిపుణులు, జిల్లాల తరఫువాళ్లు ఉంటారు. వ్యాపారుల సంఘం వాళ్లెందుకో నాకు అర్థం కాలేదు. ఉద్యోగాలిచ్చేది వాళ్లు కూడా కదా అని సారు చెప్పారు.

అసలు సంగతి ఇది. వికలాంగుల సంఘాల తరఫున ప్రభుత్వం 10 మందిని నియమిస్తుంది. వీలైనంతవరకు వాళ్లు వికలాంగులే అయ్యుండాలి. అందులో కనీసం 5గురు స్త్రీలు, కనీసం ఒకరు షెడ్యూల్డు కులాలవారు, ఒకరు షెడ్యూల్డు తెగలవారు. పదవి 3 ఏళ్లు. 6 నెలలకొకసారైనా సమావేశం జరగాలి. మండలి ఆజ్ఞ వెయ్యలేదు, సలహా చెబుతుంది, పనులు ఎలా జరుగుతున్నాయో చూస్తుంది. సలహాయేగదా అని తీసిపారేయకండి. అన్ని శాఖల పెద్దలూ ఒక్కచోట కూర్చున్నప్పుడు మనవాళ్లు మాట్లాడొచ్చు.

ఏం మాట్లాడాలి? మా పెదనాన్న కూతురు అక్కకి పుట్టుకతోనే కాలు వంకర. సర్టిఫికెట్టు కోసం పెదనాన్న ఆమెని మోసుకుని కొండ దిగి, రెండు బస్సులు మారి వెళ్లాడు. డాక్టరు లేరు, మళ్లీ రమ్మన్నారు. మూడుసార్లు తిరిగారు, మూడు రోజుల కూలి పోయింది. అక్కడ మా భాష ఎవరికీ రాదు. ఇది వైద్యశాఖకీ, రవాణాశాఖకీ ఒకేసారి చెప్పాల్సిన మాట. కొండ మీద బతికినవాళ్లే చెప్పగలరు.

జిల్లాకి కూడా ఒక కమిటీ ఉండాలని అదే చట్టంలో ఉంది.

మన బాత్రూముకి మూడు మెట్లున్నాయి, పట్టుకోడానికి కమ్మీ లేదు. ఆరో తరగతి చెల్లి ఒకర్తె గోడ పట్టుకుని ఎక్కుతోంది. మేడమ్ గారూ, దీనికి మండలి దాకా పోవాలా, మన దగ్గరే అవుతుందా?