కందిచేనులో పాలపిట్టకు చోటు

దసరా నాడు పాలపిట్ట కనబడాలని పొలిమేర దాకా వెళ్లి వెతుక్కుంటాం. ఇంచుమించు ఆ రోజుల్లోనే నారాయణఖేడ్ నల్లరేగళ్లలో కంది మొగ్గ తొడుగుతుంది. శనగపచ్చ పురుగు తల్లి వచ్చి ఆ మొగ్గల మీద గుడ్లు పెడుతుంది. పిట్టకు మొక్కి ఊరుకోకుండా, అది వాలి ఆ పురుగులను తినేలా చేనులో కర్ర కూడా పాతండి.

కంది ఆకు ఎండను పట్టి తిండిగా మార్చుకుంటుంది. ఆ కందిని తిన్న పురుగు ఒంటికి పట్టేది సుమారు పదోవంతే. మిగిలిన బలం కదలికకు, ఊపిరికి ఖర్చయి వేడిగా పోతుంది, కొంత పెంటగా రాలుతుంది. పురుగును తిన్న పిట్టకు దక్కేది అందులో మళ్లీ పదోవంతు. లిండెమన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక చిన్న సరస్సును పరిశీలించి, 1942లో ఈ లెక్కకు పునాది వేశాడు.

చేనులో పురుగులు వేలల్లో ఉంటే పిట్టలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటానికి కారణం ఇదే. ఘాటు మందు కొడితే రెండూ దెబ్బతింటాయి. కానీ పురుగుకు తిండి ఎదురుగానే ఉంది. ఒక్క తల్లి పురుగు వందల గుడ్లు పెడుతుంది, నెల తిరిగేసరికి మరో తరం దిగుతుంది. సాలీడు, కందిరీగ, పిట్ట మాత్రం ముందు పురుగు పెరిగితేనే నిలదొక్కుకోగలవు. పాలపిట్టయితే ఏడాదికి నాలుగైదు గుడ్లే పెడుతుంది. తొందరపడి కొట్టిన మొదటి మందే రెండో మందును పిలుస్తుందని నేను గట్టిగా చెప్పేది అందుకే. అర్జెంటీనాలో 1995–96లో మిడతల మీద మోనోక్రోటోఫాస్ కొడితే, వాటిని తినే డేగలు వేలాదిగా చచ్చిపోయాయి.

పొద్దున్నే ఒక కాయను దగ్గరగా చూడండి. శనగపచ్చ పురుగు తలను గుండ్రటి రంధ్రంలో దూర్చి గింజ తింటుంది, ఒళ్లంతా బయటే ఉంటుంది. పసులపోలిగాడు పిట్టకు అంతే చాలు, ఒక్క ముక్కుపోటుతో లాగేస్తుంది. మారుకా పురుగు అలా దొరకదు. పూలు, ఆకులు కలిపి గూడు అల్లుకుని లోపల దాక్కుంటుంది. దాన్ని పిట్టల మీద వదిలేయలేం, గూళ్లు కనబడగానే తుంచి నలిపేయాలి.

పూతకు ముందే ఎకరాకు 20 కర్రలు, పైరు కన్నా అడుగు ఎత్తుగా, పైన అడ్డకర్ర కట్టి పాతండి. కందిలో జొన్న కలిపి వేసినవాళ్లకు జొన్నకర్రలే ఆ పని చేస్తాయి. మన పక్కనే జహీరాబాద్ పల్లెల్లో ఆడవాళ్లు చిరుధాన్యాలు, పప్పులు కలిపి విత్తే పాత పద్ధతిని ఈనాటికీ నిలబెట్టుకున్నారు. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు కడితే రెక్కల పురుగుల రాక ముందే తెలుస్తుంది. మొగ్గ దశలో 1500 పి.పి.ఎం. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున కొట్టండి. చెట్టు కింద గుడ్డ పరిచి మెల్లగా దులిపితే రాలిన పురుగులను ఏరేయొచ్చు. అప్పటికీ ఉధృతి తగ్గకపోతే, రాలిన పురుగులను సీసాలో వేసుకుని రైతు వేదికకు వెళ్లి విస్తరణ అధికారికి చూపించాకే మందు కొనండి. గింజ పాలుపోసుకునే వేళ చిలుకలు దిగితే కర్రలు పీకేయండి.

గట్టు మీద ఎండిన తాటి మోడు ఉంటే మాత్రం కొట్టకండి. వేసవిలో పాలపిట్ట పిల్లలను చేసేది ఆ తొర్రలోనే.