కొత్త ఊరిలో పౌలు

చదవవలసిన భాగం: అపొస్తలుల కార్యములు 18:1-11



మిషనరీ అనగానే మనకు ప్రసంగాలే గుర్తుకొస్తాయి. కాని ప్రసంగించే మనిషికి కూడా పడుకోవడానికి చోటు, తినడానికి తిండి, జబ్బు చేస్తే చూసే మనిషి కావాలి. పరాయి పట్టణమైన కొరింథులో పౌలు రోజులు ఎలా గడిచాయో ఈ పాఠంలో చూద్దాం.

అది సుమారు క్రీ.శ. 50వ సంవత్సరం. పౌలు ఏథెన్సు నుండి దాదాపు 80 కిలోమీటర్లు ప్రయాణించి కొరింథు చేరాడు. రెండు వైపులా ఓడరేవులున్న వ్యాపార పట్టణం అది. సీల, తిమోతి ఇంకా వచ్చి కలవలేదు. తాను బలహీనంగా, భయపడుతూనే అక్కడికి వచ్చానని పౌలే తరువాత ఆ సంఘానికి రాశాడు.

1. బస: అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అతన్ని తమ ఇంట ఉంచుకున్నారు. వారు కూడా ఆ ఊరికి కొత్తవారే. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మన్నందున ఇటలీ నుండి వచ్చారు. నీడ పోగొట్టుకున్నవారే మరొకరికి నీడ ఇచ్చారు.

2. పని: వారిదీ, పౌలుదీ ఒకే వృత్తి, డేరాలు కుట్టడం. పౌలు వారితో కలిసి పనిచేస్తూ, ప్రతి విశ్రాంతిదినాన సమాజమందిరంలో మాట్లాడేవాడు.

3. తోడు: సీల, తిమోతి వచ్చాక పౌలు వాక్యబోధకే పూనుకున్నాడు. ఎదిరింపు వచ్చినప్పుడు పక్కింటి తీతియు యూస్తు తలుపు తెరిచాడు. భయపడవద్దని ప్రభువు రాత్రివేళ ధైర్యం చెప్పాడు. అలా ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు.

4. అనారోగ్యం: మరొక కాలంలో, చెరలో ఉన్న పౌలుకు సాయపడమని ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితును పంపింది. అతడు పరాయిచోట చావు అంచు వరకు జబ్బుపడ్డాడు. అంత జబ్బులోనూ అతని దిగులు ఒకటే, ఈ సంగతి ఇంటివారికి తెలిసిందే అని. రోగుల మంచాల పక్క ఇన్నేళ్లు నిలబడిన నాకు ఆ దిగులు బాగా తెలుసు.

మనకు పాఠం

కొన్నేళ్ల క్రితం రాత్రి రౌండ్స్‌లో, వరండాలో దారికి అడ్డంగా పడుకున్న ఒక తల్లిని గట్టిగా కసిరాను. ఆమె కొడుకు వార్డులో ఉన్నాడు. "ఎక్కడ పడుకోవాలో ఎవరూ చెప్పలేదు, సిస్టరమ్మా" అంది. మంచినీళ్ల కుళాయి కూడా తెలియక రెండు రోజులుగా బాత్రూం నీళ్లే తాగుతోందట. మర్నాడు ఆమెకే విరేచనాలు పట్టుకుని మంచం ఎక్కింది. కొడుక్కి మందులు వేళకిచ్చాం, తల్లికి కుళాయి చూపించలేదు. ఆనాటి నుండి కొత్తవారు చేరగానే ముందు మంచినీళ్లు, పడుకునే చోటు చూపించమని మా సిస్టర్లకు చెబుతున్నాను.

వైద్యానికి వేరే ఊరు వెళ్లేవారు పాత చీటీలు, వాడుతున్న మందులు, ఇంటివారి ఫోన్ నంబరు రాసిన కాగితం దగ్గర ఉంచుకోండి. కాచి చల్లార్చిన నీళ్లే తాగండి. తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి.

ఆలోచించండి:
- మీ పక్క మంచం వారిది ఏ ఊరో అడిగారా?
- ఈ వారం ఒక కొత్త మనిషికి మీరు చూపించగలిగింది ఏమిటి?

అకుల, ప్రిస్కిల్లల మనసు ప్రభువు మనకు దయచేయును గాక.