లినక్సు యంత్రములో వ్రాత నిలిచిపోయినపుడు

కృష్ణా డెల్టాలో కాలువ గట్టు జారుచున్న సూచన కనబడగానే లస్కరు ముందుగా తూము తలుపు దించును. దిగువనున్న రైతు కోపగించవచ్చును. కాని ఆ తలుపును బలవంతముగా ఎత్తినచో గండి పెద్దదగునే గాని పైరు బ్రతుకదు. లినక్సులో ఫైల్ సిస్టమ్ ఆకస్మికముగా "రీడ్-ఓన్లీ" అగుటయు ఇట్టిదే. అది రోగము కాదు, రోగము ముదరకుండ కెర్నెల్ వేసిన కట్టు.

కళాశాల కార్యాలయములో మార్కుల పట్టికను భద్రపరుపబోగా ఈ సందేశము వచ్చినదనుకొందము. పాత ఫైళ్లు తెరచుకొనును, చదువవచ్చును. ఒక్క అక్షరమైనను క్రొత్తగా చేరదు. రూట్ అధికారము గలవానికిని అదే సమాధానము. "పర్మిషన్ డినైడ్" అనునది అనుమతికి సంబంధించిన వేరు విషయము. "నో స్పేస్ లెఫ్ట్" అనునది డిస్కు నిండుటకు గుర్తు. ఈ మూడింటిని ఒకటిగా భావించి ఫైళ్లను తొలగింపబూనుట వృథా ప్రయాస.

కారణము తెలియుటకు మన కొట్టులలోని చిట్టా, ఆవర్జాలను తలచుకొనిన చాలును. 2008 నుండి కెర్నెల్‌లో స్థిరరూపమున నున్న ఎక్స్‌ట్-4 పద్ధతి, ఫైల్ సిస్టమ్ అమరికలోని మార్పును ముందుగా జర్నల్ అను చిట్టాలో గుర్తించి, పిదప దాని స్థానమున చేర్చును. కరెంటు పోయి వచ్చినపుడు చిట్టా చూచి లెక్క సరిచేసికొనును. కనుక ఒక్క కరెంటు కోతకే ఈ స్థితి రానక్కరలేదు. చిట్టాయే వ్రాయ వీలుగానపుడు, లేదా ఆవర్జాలో పొంతన లేని పద్దు కనబడినపుడు కెర్నెల్ వ్రాతను నిలుపును. డెబియన్, ఉబుంటు యంత్రములలో మూల విభాగమునకు ఈ నియమము "ఎఫ్‌స్టాబ్" ఫైలులో సాధారణముగా వ్రాయబడియే యుండును.

ఇట్టి సమయమున అందరికిని తోచు మొదటి ఉపాయము యంత్రమును ఆర్పి వెలిగించుట. అదియే చేయరాదు. డిస్కుపై వ్రాత నిలిచినందున తప్పును గూర్చిన సాక్ష్యము డిస్కుకు చేరి యుండకపోవచ్చును. అది జ్ఞాపకశక్తిలో మాత్రమే నిలిచి, యంత్రము ఆగగానే మాయమగును. "డీమెస్గ్" ఆదేశముతో ఆ సందేశములను తెరపైకి తెచ్చి, పెన్‌డ్రైవులోనికి పంపవలెను. లేదా తెరను ఫోటో తీసినను సరిపోవును.

రెండవ పని ప్రతి తీయుట. చదువుటకు వీలున్నంతలోనే ముఖ్యమైన ఫైళ్లను వేరు డిస్కుకు చేర్చవలెను. డిస్కుకు ఉర్దూ, తెలుగు అను భేదము లేదు. యూటీఎఫ్-8లో ఉర్దూ సంకేతమునకు 2 బైట్లు, తెలుగు సంకేతమునకు 3 బైట్లు. చెడు ప్రదేశమున బడినచో రెండును ఒకే విధముగా పోవును. ఆ ప్రతిని ఎక్కడ ఉంచవలెనను ప్రశ్న విజయవాడలో చిన్నది కాదు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము దినముల తరబడి నీటిలో నున్నది. అదే గదిలో, అదే బీరువా క్రింది అరలో దాచిన ప్రతి అట్టి దినమున ఉన్నను లేనట్లే.

ఇక నిదానము. సందేశములలో "ఐ-ఓ ఎర్రర్" అని యున్నచో అనుమానము డిస్కుపై, దాని తీగెపై ఉండవలెను. "స్మార్ట్‌సీటీఎల్" చూపు పట్టికలో, చదువుటకు లొంగక వేచియున్న సెక్టార్ల సంఖ్య పెరుగుచున్నచో డిస్కు చివరిదశలో నున్నది. సీఆర్‌సీ లోపముల సంఖ్య మాత్రమే పెరుగుచున్నచో తీగె మార్చి చూడవలెను. పది నిమిషముల పని. చెడిన డిస్కుపై మరమ్మతు ఆదేశము నడపరాదు. "డీడీరెస్క్యూ"తో డిస్కు మొత్తమునకు ప్రతిబింబము తీసి, ఆ ప్రతిపైననే మరమ్మతు చేయవలెను.

డిస్కు ఆరోగ్యముగా నుండి లెక్క మాత్రమే తప్పినచో, లైవ్ పెన్‌డ్రైవుతో యంత్రమును నడిపి, ఆ విభాగమును మౌంట్ చేయకయే "ఈ2ఎఫ్‌ఎస్‌సీకే" ఆదేశమును వాడవలెను. ముందుగా "-ఎన్" గుర్తుతో నడిపినచో ఏమియు మార్చక లోపములను మాత్రము చెప్పును. మరమ్మతు పిదప "లాస్ట్+ఫౌండ్" సంచిలో పేరు పోయిన ఫైళ్లు సంఖ్యలతో కనబడవచ్చును. తొందరపడి వానిని తుడిచివేయరాదు. మౌంట్ చేసిన విభాగముపై మరమ్మతు నడుపుట, బండి పరుగెత్తుచుండగా చక్రము మార్చుట వంటిది.

విండోస్, లినక్సు రెండును గల ప్రయోగశాల యంత్రములలో ఇంకొక కారణము కలదు. విండోస్‌ను హైబర్నేట్ చేసినను, "ఫాస్ట్ స్టార్టప్" అమరికతో ఆపినను, ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగము లినక్సులో చదువుటకు మాత్రమే తెరచుకొనును. విండోస్‌లోనికి పోయి ఆ అమరికను తొలగించి, యంత్రమును పూర్తిగా ఆపి రావలెను. అక్కడ డిస్కుకు ఏ జబ్బును లేదు.