వెల్డింగ్ మిషను కొంటున్నారా? ముందు కంటి సంగతి చూడండి

తొలకరి పడి అదను మీద ఉన్నప్పుడే గొర్రు విరుగుతుంది, గుంటక పాస ఊడుతుంది. దాన్ని బండి మీద వేసుకుని టౌనులో వెల్డింగ్ షాపుకు పోతే అప్పటికే అక్కడ పదిమంది ఉంటారు. అరగంట పనికి ఒక రోజు పోతుంది. అందుకే ఈమధ్య చాలామంది చిన్న రైతులు ఇంట్లోనే ఒక చిన్న మిషను పెట్టుకోవాలని చూస్తున్నారు. ఆలోచన మంచిదే. అయితే షాపువాడు చూపించిన మిషను మోసుకొచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రాడ్డు అంటించడం మాత్రం ప్రమాదం. ఏ మిషను కొనాలి, దానితోపాటు ఏమేం కొనాలి, ఏ పని చేయకూడదు అన్నవి రైతులు ముందే తెలుసుకోవాలి.

అసలు కొనాలా?

ఏడాదికి రెండు మూడు అతుకులే ఉంటే మిషను కొనడం దండగ. షాపులో చేయించుకోవడమే చవక. కొట్టం, కంచె గేటు, మేత తొట్టి స్టాండు, కల్టివేటర్ రిపేర్లు వంటి పనులు తరచుగా ఉంటే కొనవచ్చు. ఇరుగు పొరుగు రైతులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే ఇంకా మేలు. ఎవరు కొన్నా ముందు కొద్దిరోజులు తెలిసిన వెల్డర్ దగ్గర కూర్చుని పాత ఇనుప ముక్కల మీద చెయ్యి అలవాటు చేసుకోవాలి.

ఏ మిషను?

చిన్న పనికి రెండు రకాల మిషన్లు దొరుకుతాయి. ఒకటి పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ మిషను. మోటుది, బరువైనది, రిపేరు సులువు. కానీ కరెంటు బాగా లాగుతుంది. కొన్నింటికి రెండు ఫేజులు కావాలి కాబట్టి ఇంటి కరెంటుకు పనికిరావు. రెండోది ఇన్వర్టర్ మిషను. ఇళ్లలో కరెంటు పోయినప్పుడు వాడే బ్యాటరీ ఇన్వర్టర్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇది ఒంటిచేత్తో మోసుకుపోయేంత తేలిక. అదే పనికి కరెంటు తక్కువ తీసుకుంటుంది, కొత్తవారికి రాడ్డు కూడా సులువుగా అంటుకుంటుంది. దుమ్ము, తేమ మాత్రం దీనికి పడవు. సింగిల్ ఫేజు కరెంటు ఉన్న ఇంటికి ఇదే తగినది.

ఎన్ని ఆంపియర్లు అన్నది మీరు అతికే ఇనుము మందాన్ని బట్టి ఉంటుంది. 2 నుంచి 3 మిల్లీమీటర్ల పైపుకు, యాంగిలుకు 2.5 మి.మీ. రాడ్డు చాలు. దానికి 60 నుంచి 90 ఆంపియర్లు కావాలి. 4 నుంచి 6 మి.మీ. ఇనుముకు 3.15 మి.మీ. రాడ్డు, 90 నుంచి 130 ఆంపియర్లు. అంటే నికరంగా 160 ఆంపియర్లు ఇచ్చే మిషను రైతు ఇంటికి సరిపోతుంది. పేరులో పెద్ద అంకె ఉన్నంత మాత్రాన అన్ని ఆంపియర్లు వస్తాయని నమ్మవద్దు. మిషను మీద అతికించిన రేకు చదివించుకుని చూడాలి.

ఆ రేకు మీదే 'డ్యూటీ సైకిల్' అని శాతంలో ఉంటుంది. 60 శాతం అంటే ఆ ఆంపియర్ల దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విశ్రాంతి అని అర్థం. మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలి. మీ ఊళ్లో వోల్టేజి బాగా పడిపోతుంటే, ఎంత తక్కువ వోల్టేజికి మిషను పనిచేస్తుందో అడగకుండా కొనవద్దు.

మొదట నేర్చుకునేవారికి 6013 రకం రాడ్లు అనుకూలం. డబ్బా మీద ఐ.ఎస్. 814 అన్న అంకె, ఐ.ఎస్.ఐ. ముద్ర చూసి తీసుకోవాలి. చెమ్మ తగిలిన రాడ్డుతో అతుకు గట్టిగా రాదు. మూతగట్టి డబ్బాలో పెట్టి పొడిచోట దాచాలి.

కరెంటు విషయంలో

80 ఆంపియర్లతో పని చేసేటప్పుడు ఇన్వర్టర్ మిషను లైను నుంచి సుమారు 10 నుంచి 15 ఆంపియర్లు తీసుకుంటుంది. 3.15 రాడ్డు వాడితే 20 దాటవచ్చు. ఫ్యాను, బల్బుల ప్లగ్గులో పెడితే వైరు కాలుతుంది. మీటరు దగ్గర్నుంచి మందపాటి రాగివైరు, విడిగా ఎం.సి.బి., షాకు కొడితే లైను తెంపే ఆర్.సి.సి.బి., మంచి ఎర్తు ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. మంజూరైన లోడు చాలకపోతే పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

పంపుసెట్టు కనెక్షన్ నుంచి వెల్డింగుకు కరెంటు తీసుకోకూడదు. మంజూరు చేసిన పనికి కాక వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కకడతారు. ఇక లైనుకు కొక్కేలు తగిలించడమంటే దొంగతనం కేసే కాదు, ప్రాణాలకు కూడా ముప్పు.

ఒంటికి రక్షణ

మిషను కోసం పక్కన పెట్టిన సొమ్ములో కనీసం నాలుగో వంతు ముందుగా వీటికి తీసి ఉంచండి.

1. తల షీల్డు: 10 లేక 11 నంబరు నల్ల అద్దం ఉండాలి. చలువ కళ్లద్దాలు, గ్యాసు వెల్డింగ్ గాగుల్స్ దీనికి చాలవు. అద్దం పగిలితే వెంటనే మార్చాలి. చేత్తో పట్టుకునే షీల్డు కన్నా తలకు పెట్టుకునేదే మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

2. తెల్ల కళ్లద్దాలు: అతుకు మీద చిట్టెం సుత్తితో కొట్టేటప్పుడు వేడి పెచ్చులు కంట్లోకి ఎగురుతాయి. షీల్డు ఎత్తినా ఇవి కంటికి ఉండాలి.

3. తోలు గ్లౌజులు, తోలు ఏప్రాను: తడిసిన గ్లౌజులు వాడకూడదు, షాకు కొడుతుంది.

4. బట్టలు, బూట్లు: పూర్తి చేతుల మందపాటి నూలు చొక్కా, మడత పెట్టని ప్యాంటు, తోలు బూట్లు వేసుకోవాలి. పాలిస్టరు బట్ట నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. లుంగీ, హవాయి చెప్పులతో పని చేయకూడదు.

వెలుగు తగిలిన కన్ను వెంటనే నొప్పి పెట్టదు. ఆరేడు గంటల తర్వాత, చాలాసార్లు రాత్రి నిద్రలో, ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. అప్పుడు ఆకుపసర్లు, చనుబాలు పోయకూడదు. మందుల షాపులో అడిగి తిమ్మిరి చుక్కలు తెచ్చుకుని వేసుకుంటూ పోతే పుండు మానదు. శుభ్రమైన చల్లని తడిగుడ్డ మూసిన కళ్ల మీద వేసుకుని, కంటి డాక్టరుకు చూపించాలి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ ఇదే జరుగుతుంది. వారిని దూరంగా పంపించి, పనిచోటుకు రేకు అడ్డం పెట్టాలి.

చేయకూడని పనులు

- డీజిలు, పెట్రోలు, పురుగుమందు పోసిన డ్రమ్ములకు, ట్యాంకులకు వెల్డింగ్ చేయవద్దు. కడిగినా లోపల ఆవిరి మిగులుతుంది, బాంబులా పేలుతుంది.
- టైరు ఉండగా చక్రం రిమ్ముకు వేడి తగలనివ్వద్దు. టైరు పేలి మనిషిని చంపుతుంది.
- ట్రాక్టరు స్టీరింగు, బ్రేకు, ట్రక్కు తగిలించే కొక్కెం వంటివి కొత్త చేతితో అతకవద్దు. రోడ్డు మీద అతుకు వదిలితే ప్రాణాలు పోతాయి.
- మోటారు బాడీ వంటి పోత ఇనుముకు మామూలు రాడ్డు పనికిరాదు, పక్కనే చీలుతుంది. స్ప్రింగు పట్టీలదీ అదే సంగతి.
- జి.ఐ. పైపు అతికితే తెల్లని పొగ వస్తుంది. అది పీలిస్తే ఆ రాత్రి మలేరియా మాదిరి చలిజ్వరం వస్తుంది. అతికేచోట జింకు పూత గీకి తీసేసి, ఆరుబయట గాలివాటున నిలబడి చేయాలి.
- గడ్డివాము, పత్తి, ఎండు కంపకు 35 అడుగుల లోపు పని పెట్టుకోవద్దు. ఇసుక, నీళ్లు దగ్గర ఉంచుకోవాలి. కరెంటు ఆపకుండా మిషను మీద నీళ్లు పోయకూడదు. పని ముగిశాక అరగంటసేపు అక్కడే ఉండి, ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందేమో చూడాలి.
- వాన చినుకుల్లో, తడినేల మీద మిషను పెట్టవద్దు.

ఎర్తు క్లాంపును అతికే వస్తువుకే, అతుకు పక్కనే తగిలించాలి. కొట్టం కమ్మీలకు, నీళ్ల పైపులకు తగిలిస్తే ఆ ఇనుము తాకిన పశువుకూ మనిషికీ షాకు కొట్టవచ్చు. పనిముట్టును వీలైనంతవరకు ట్రాక్టరు నుంచి విప్పి అతకాలి. విప్పడం కుదరకపోతే ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి.

చివరిగా ఒక మాట. కొనడానికి వెళ్లిన రోజు డబ్బు సరిపోకపోతే మిషను మరుసటి నెలకు వాయిదా వేసుకోండి. షీల్డు, గ్లౌజులు తర్వాత కొందాంలే అని మాత్రం మిషను ఒక్కటే ఇంటికి తేవద్దు.