లైబ్రరీ కోర్సు చదువుతున్నారా? మార్క్ రికార్డు రాయడం నేర్చుకోండి

లైబ్రరీ కేటలాగ్‌లో 'దాశరథి' అని వెతికారనుకోండి. ఏం రావాలి? భద్రాచల రామదాసు రాసిన దాశరథీ శతకం రావాలి. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య కవితా సంపుటాలు రావాలి. ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య నవలలూ రావాలి. శతకంలో ఆ మాట పుస్తకం పేరులో ఉంది, అన్నదమ్ములకు అది ఇంటిపేరు. పుస్తకాల జాబితాను ఎక్సెల్‌లో కొట్టి పెట్టుకున్న చోట ఇవన్నీ కలగాపులగంగా వచ్చి పడతాయి. ఏది రచయిత, ఏది పుస్తకం పేరు, ఏది విషయం అన్నది కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన చోట మాత్రం దేనికది విడిగా కనిపిస్తుంది. అలా రాయడం నేర్చుకోదగ్గ పని. దానికి ఉద్యోగాలున్నాయి. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాల్లో డిగ్రీ పూర్తిచేసి లైబ్రరీ సైన్స్ కోర్సు బీఎల్ఐఎస్సీ వైపు చూస్తున్న పిల్లలు దీని మీద గట్టిగా దృష్టి పెట్టాలని నా కోరిక.

కోర్సు మిమ్మల్ని దరఖాస్తుకు అర్హుల్ని చేస్తుంది. పని చేతికొచ్చేది మాత్రం శుభ్రమైన రికార్డు రాయగలిగినప్పుడే. మన దగ్గర చాలామంది వర్గీకరణ సంఖ్యలు బట్టీ పట్టి పరీక్ష రాసి బయటపడతారు. 245 ఫీల్డ్‌లో ఏం రాయాలని అడిగితే తడబడతారు.

ఆ 245 ఏమిటో చెబుతాను. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగ్ కార్డులను కంప్యూటర్ చదవగలిగే రూపంలోకి మార్చాలనుకుంది. ఆ పనిని నడిపించిన హెన్రియెట్ ఆవ్రమ్ లైబ్రేరియన్‌గా చదువుకున్న మనిషి కాదు, ప్రోగ్రామర్. 1966లో 16 లైబ్రరీలతో ప్రయోగం మొదలైంది. అలా పుట్టినదే మార్క్. 1999లో అమెరికా, కెనడా రూపాలను కలిపి మార్క్ 21 అన్నారు. ఇందులో ప్రతి సమాచారానికీ మూడంకెల ట్యాగ్ ఉంటుంది. 020 ఐఎస్‌బీఎన్, 100 రచయిత, 245 పుస్తకం పేరు, 264 ప్రచురణ వివరాలు, 300 పేజీల సంఖ్యా సైజూ, 650 విషయం, 651 స్థలానికి సంబంధించిన విషయం. శతకం దాశరథి 245లో కూర్చుంటుంది, కృష్ణమాచార్య దాశరథి 100లో కూర్చుంటాడు. వాళ్లిద్దరూ ఇక కలవరు.

ఒక లైబ్రరీలో రాసిన రికార్డు ఇంకో లైబ్రరీకి వెళ్లాలంటే దాన్ని మోసే రూపం కూడా ఒప్పందం ప్రకారం ఉండాలి. 1973లో వచ్చిన ఐఎస్ఓ 2709 ప్రమాణం అందుకోసమే. రికార్డు మొదట 24 అక్షరాల లీడర్, తర్వాత డైరెక్టరీ, ఆ తర్వాత అసలు సమాచారం. డైరెక్టరీలో ఒక్కో ఫీల్డ్‌కు 12 అంకెలు కేటాయిస్తారు. మూడు ట్యాగ్‌కు, నాలుగు పొడవుకు, అయిదు ఆ ఫీల్డ్ ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి.

తెలుగు పిల్లలు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ పొడవును అక్షరాల్లో కాదు, బైట్లలో లెక్కపెడతారు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం, గుణింతం గుర్తు, పొల్లు, సున్న అన్నీ ఒక్కొక్కటి మూడేసి బైట్లు తీసుకుంటాయి. 'భద్రాచలం' చూడటానికి నాలుగు అక్షరాలే, లోపల ఎనిమిది సంకేతాలు, మొత్తం 24 బైట్లు. ఎవరైనా ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక్క దీర్ఘం చేర్చి సేవ్ చేస్తే, దాని తర్వాత ఉన్న ఫీల్డ్‌లన్నీ తమ చోటు నుంచి మూడు బైట్లు జరిగిపోతాయి. డైరెక్టరీ మాత్రం పాత లెక్కే చెబుతుంది. అప్పుడు పేజీల సంఖ్య ఉండాల్సిన చోట ప్రచురణ వివరాల తోక కనిపిస్తుంది. దిద్దాలంటే మార్క్‌ఎడిట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లోనే దిద్దాలి, లెక్కలు అదే సరిచేస్తుంది. ఉచితంగా దొరుకుతుంది. లీడర్‌లో 9వ స్థానం యూనికోడ్ అని చెబుతోందో లేదో కూడా చూసుకోవాలి, లేకపోతే అవతలి కంప్యూటర్ మీ తెలుగును వేరేగా చదువుతుంది.

యూనికోడ్ గురించి ఇంకో మాట. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్లతో కొట్టిన జాబితాలు ఎన్నో ఉన్నాయి. తెర మీద అవి చక్కటి తెలుగులాగే కనిపిస్తాయి. ఫాంట్ మారిస్తే అర్థం లేని గుర్తులుగా మారిపోతాయి. వాటిని మార్చి, ఒక్కో వరుసా సరిచూడాల్సిందే. అంతకంటే కంటికి దొరకని తప్పు ఇంకొకటుంది. తెలుగు సున్న అంకె, అక్షరం పక్కన రాసే పూర్ణానుస్వారం చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. స్కాన్ చేసి ఓసీఆర్‌తో తీసిన పాఠంలో అనుస్వారం బదులు అంకె పడుతుంటుంది. మనిషి చదివితే 'ఖమ్మం' సరిగ్గానే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. తెలుగు బాగా వచ్చి, కంప్యూటర్‌లో అక్షరం ఎలా కూర్చుంటుందో తెలిసిన మనిషే దీన్ని పట్టుకోగలరు. అలాంటి మనుషులు తక్కువ. మీకున్న అవకాశం అదే.

రికార్డు ప్రతిసారీ కొత్తగా రాయక్కర్లేదు. 1962 నుంచి అమెరికా పీఎల్-480 పథకం కింద, గోధుమల అమ్మకంతో మన దేశంలో పోగైన రూపాయలతో, భారతీయ భాషల పుస్తకాలు కొని తమ దేశంలోని లైబ్రరీలకు పంపింది. ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం ఆ పని చూసేది. వాటిలో తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో అచ్చయిన పాత నవలకు వాషింగ్టన్‌లో తయారు రికార్డు ఉండే అవకాశం ఎక్కువ. జడ్39.50 అనే ఏర్పాటుతో మీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ నుంచే అక్కడి సర్వర్‌ను అడిగి ఆ రికార్డు దించుకోవచ్చు. కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో కేటలాగింగ్ పేజీలోనే దానికి బటన్ ఉంటుంది.

దించుకున్నది యథాతథంగా వాడేయకండి. పుస్తకం పేరు చాలాసార్లు ఇంగ్లిష్ లిపిలో, అక్షరాల నెత్తిన గీతలతో, కింద చుక్కలతో ఉంటుంది. తెలుగు లిపి రూపం 880 ఫీల్డ్‌లో ఉంటే ఉంటుంది, లేకపోతే మీరే చేర్చాలి. ఖమ్మంలో చదువుకునే పాఠకుడు తెలుగులో వెతుకుతాడు. అతనికి దొరక్కపోతే రికార్డు ఎంత దూరం నుంచి వస్తే మాత్రం ఏం లాభం? అలాగని లిప్యంతర రూపం తీసేయకూడదు. మన రికార్డును బయటివాళ్లు తీసుకునేటప్పుడు అది వాళ్లకు కావాలి.

ఎక్కడా రికార్డు దొరకని పుస్తకాల సంగతికొస్తే అడవి అంచు ప్రాంతం చాలా సంపన్నమైనది. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల గురించి 1945లో రాసిన 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' రికార్డు పెద్ద లైబ్రరీల నుంచి నిమిషంలో దించుకోవచ్చు. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మాతృభాషా బోధన కార్యక్రమం కింద కోయ సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో, తెలుగు లిపిలో బడిపిల్లల వాచకాలు తెచ్చారు. అలాంటి వాచకానికి ఎవరి దగ్గర నుంచి దించుకుంటారు? భద్రాచలంలో భక్తులు అచ్చు వేయించే స్థలపురాణాలకు, పల్లె కవుల శతకాలకు, సంఘాలు తెచ్చే కరపత్రాలకు? ఐఎస్‌బీఎన్ కూడా లేని ఈ పుస్తకాల రికార్డు మొదటిసారి రాసేది ఆ ఊళ్లో ఉన్న లైబ్రేరియనే. అలా రాసి పంచితేనే దుమ్ముగూడెంలో ఉన్న పుస్తకం గురించి విశాఖలోనో, షికాగోలోనో ఉన్న పరిశోధకుడికి తెలుస్తుంది. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ పనే.

దానికి స్థానిక జ్ఞానం కావాలి. భద్రాచలం మీద ఉన్న పుస్తకాలకు 651 రాయడానికి కూర్చోండి. 1874 వరకు ఆ తాలూకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉంది. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాకు, ఆపైన తూర్పు గోదావరికి వెళ్లింది. 1959లో ఖమ్మంలో కలిసింది. ఆ ఖమ్మం జిల్లా కూడా 1953లో వరంగల్ నుంచి విడిపోయినదే, పాత కాగితాల్లో ఖమ్మంమెట్టు అని కనిపిస్తుంది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాచలం పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. 1930లో అచ్చయిన పుస్తకం టైటిల్ పేజీ మీద ఏముందో 264లో అదే రాయాలి. విషయం దగ్గర మాత్రం ఒకే నిర్ణీత రూపం వాడి, పాత పేర్లన్నీ దానికి దారి చూపేలా అథారిటీ రికార్డులో పెట్టాలి. రామదాసుకూ అంతే. ఒకడు కంచర్ల గోపన్న అని వెతుకుతాడు, ఒకడు భక్త రామదాసు అంటాడు. ఎవరేమని వెతికినా ఒకే చోటికి చేరాలి.

ఇక చదువు, ఉద్యోగాలు. ఏ డిగ్రీ తర్వాతైనా ఏడాది బీఎల్ఐఎస్సీ, ఆపైన ఎంఎల్ఐఎస్సీ చేయవచ్చు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రెగ్యులర్‌గా ఉంది. ఊరు వదిలి వెళ్లలేని వాళ్లకు అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ కావాలి. యూజీసీ శ్రేణి వర్తించే చోట మూలవేతనం 57,700 రూపాయల నుంచి మొదలవుతుంది. గురుకులాల నియామకాల్లో, ఏకలవ్య పాఠశాలల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో కూడా లైబ్రేరియన్ పోస్టులు ఉంటాయి. అర్హతలు ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటాయి కాబట్టి బీఈడీ, సెట్ లాంటి షరతులు ముందే చదువుకోండి. ఏజెన్సీ పిల్లలు తమ ప్రాంతంలోని ఆశ్రమ పాఠశాల లేదా గురుకులంలోనే లైబ్రేరియన్‌గా చేరితే, ఆ పిల్లల భాష తెలిసిన మనిషి ఆ గదిలో ఉన్నట్టవుతుంది.

నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోకూడదు. పాత పుస్తకాల వివరాలను మార్క్‌లోకి ఎక్కించే పనిని కాలేజీలు, సంస్థలు బయటి వాళ్లకు ఇస్తుంటాయి. రికార్డుకింత అని లెక్కగట్టి ఇస్తారు. డబ్బు మొదట్లో తక్కువే, చెయ్యి మాత్రం తిరుగుతుంది.

సాధనకు పెద్ద ఖర్చు లేదు. లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో కోహా పెట్టుకోండి. 2000లో న్యూజిలాండ్‌లోని ఒక చిన్న ప్రాంత లైబ్రరీలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు. హైదరాబాద్‌లోనే తయారై, 2008లో అందరికీ ఉచితంగా వదిలిన న్యూజెన్‌లిబ్‌ను కూడా ఒకసారి చూడండి. విశ్వవిద్యాలయాల్లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్, ప్రభుత్వ లైబ్రరీల్లో ఎన్ఐసీ వారి ఇ-గ్రంథాలయ ఎక్కువగా ఎదురవుతాయి. తెరలు వేరు, రికార్డులు ఇచ్చిపుచ్చుకునే మార్క్ ఒకటే. డిజిటల్ ఆర్కైవ్‌ల వైపు వెళ్లాలనుకుంటే 15 మూలకాల డబ్లిన్ కోర్ కూడా నేర్చుకోండి. మార్క్ వచ్చిన వాళ్లకు అది వారం పని. మార్క్ స్థానంలోకి బిబ్‌ఫ్రేమ్ అనే కొత్త పద్ధతి వస్తోందని మీకెవరైనా చెబితే బెంబేలెత్తకండి. మార్క్‌లో రాసి ఉన్న రికార్డులు ఇంకా కోట్లల్లో ఉన్నాయి. వాటిని మార్చాలన్నా ముందు మార్క్ తెలియాలి.

మొదటి అభ్యాసానికి దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ను అడిగి ఒక అల్మరా తీసుకోండి. యాభై పుస్తకాలు చాలు. దొరికిన వాటికి జడ్39.50తో దించి తెలుగు చేర్చండి, దొరకని వాటికి సొంతంగా రాయండి. మార్క్‌ఎడిట్‌లో తప్పులు పరీక్షించి, ఐఎస్ఓ 2709 ఫైల్‌గా భద్రపరచండి. ఆ ఫైల్‌ను మీ కోహాలోకి ఎక్కించి, ఒక్క అక్షరం చెడకుండా వచ్చిందో లేదో చూడండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఆ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి.

అందులో కోయ వాచకం రికార్డు ఒకటి తప్పకుండా ఉండేలా చూసుకోండి. మార్క్ సొంత భాషల జాబితాలో ఎన్నో ద్రావిడ భాషలు కలిపి ఒకే ఉమ్మడి సంకేతం కింద ఉన్నాయి. ఐఎస్ఓ 639-3 జాబితాలో కోయకు 'కేఎఫ్ఎఫ్' అని విడి సంకేతం ఉంది. భాషా సంకేతం రాసే 041లో, ట్యాగ్ తర్వాత ఉండే రెండు సూచికల్లో రెండోదాన్ని 7గా పెట్టి, సబ్‌ఫీల్డ్ 2లో ఆ జాబితా పేరు రాస్తే దాన్ని వాడుకోవచ్చు. 546లో కోయ భాష, తెలుగు లిపి అని నోట్ పెట్టండి. ఇంటర్వ్యూ బోర్డులో మార్క్ తెలిసిన వాళ్లుంటే ముందు ఆ రికార్డు మీదే ప్రశ్న పడుతుంది. 041లో ఆ 7 ఎందుకో చెప్పడానికి సిద్ధంగా వెళ్లండి.