హోటలు యంత్రానికి 'ఆయ్' తెలియాలి

"రొండు ఉప్మా, ఒక పెరుగు వడ కట్టండి. ఉప్మాలో జీడిపప్పు వద్దండి." అమలాపురం హోటలుకు మీరిలా ఫోను చేశారనుకోండి. ఎత్తినది యంత్రమైతే?

మీ ఫోనులోని మైకు శబ్దతరంగాలను విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. కంప్యూటరు వాటిని అంకెలుగా మార్చి, మాటలుగా పోల్చుకుంటుంది. అందులోంచి మూడు సంగతులు ఏరుతుంది: ఏ పదార్థం, ఎన్ని, ఏది వద్దు. ఆపైన కృత్రిమ కంఠంతో జవాబు పలుకుతుంది.

చిక్కెక్కడ? 'రొండు' అంటే రెండేనని దానికి నేర్పాలి. 'పెరుగు వడ' ఒక పదార్థమా, రెండా? 'వద్దు' వినబడకపోతే, జీడిపప్పు పడనివారికి ప్రాణాపాయమే కావచ్చు. అందుకే యంత్రం ఆర్డరును తిరిగి చదివి "సరేనా?" అనాలి. మన కోనసీమవారు "ఆయ్" అంటారు. అది 'అవును' అని తెలియకపోతే యంత్రం మళ్ళీ మొదటికే వస్తుంది!

1966లో అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన 'ఎలిజా' టైపు చేసిన మాటలకు నియమాల ప్రకారం బదులిచ్చేది. నేటి యంత్రాలు వేల గంటల మాటలు విని నేర్చుకుంటాయి. వాటిలో మన యాస లేకపోతే మన మాట వాటికి అందదు.

మీ ఇంట్లో భోజనాలవేళ వినిపించే పది మాటలు రాయండి. ఒక్కొక్కటి ఎన్ని రకాలుగా పలుకుతారో పట్టిక వేయండి. యంత్రానికి తొలిపాఠం అదే.