గ్యాసు వెల్డింగు

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కడతారు. విరిగిన ఇనుప ముక్కలను కరిగించి అతుకుతారు. ఈ పనిలో ఒక రకం గ్యాసు వెల్డింగు.

దీనికి రెండు సిలిండర్లు కావాలి. నల్లది ఆక్సిజన్. మెరూన్ రంగుది ఎసిటిలీన్. రెండు గ్యాసులూ రబ్బరు గొట్టాల్లోంచి వచ్చి టార్చిలో కలుస్తాయి. ఆ మంట వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే నల్ల కళ్లద్దాలు లేకుండా మంటను చూడకూడదు.

ముందు ఎసిటిలీన్ కొంచెం తిప్పి వెలిగించాలి. ఆ తర్వాతే ఆక్సిజన్ వదలాలి.

నూనెతో మాత్రం చాలా జాగ్రత్త! ఆక్సిజన్ సిలిండర్ మూతికి నూనె గానీ గ్రీజు గానీ తగిలితే భగ్గుమంటుంది. తలకు నూనె రాసుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకోవాలి. నైలాన్ చీర నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు బట్టలు కట్టుకోవాలి.

ఎసిటిలీన్ కారుతోందేమో అని అగ్గిపుల్ల గీసి చూడకూడదు. గొట్టం బిగించిన చోట సబ్బునీళ్లు రాయాలి. కారుతుంటే అక్కడ బుడగలు లేస్తాయి.